ఇంజన్ చల్లగా ఉంటే ఇల్లు చల్లగా



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని అడిగినప్పుడు మేము నలుగురం కూర్చొని చాలాసేపు ఆలోచించాం. కవితలు రాసేవాళ్లు కవితలు రాస్తారు. ఉద్యోగాలు సంపాదించినవాళ్లు పోటీ పరీక్షల గురించి రాస్తారు. మరి మేమేం రాయాలి? మాలో ఇద్దరం ఐటీఐ చేసి కరీంనగర్‌లో మెకానిక్ షెడ్డు నడుపుతున్నాం. ఒకరం ట్యాక్సీ నడుపుతున్నాం. ఇంకొకరం ఊళ్లో ట్రాక్టర్ పెట్టుకున్నాం. మాకు తెలిసింది బండ్ల సంగతే. కాబట్టి అదే రాస్తున్నాం.

బండ్లలో కూడా ఒక చిన్న విషయమే ఎంచుకున్నాం. దాని పేరు కూలెంట్. ఇంజన్‌ను చల్లగా ఉంచే ద్రవం. చిన్న విషయమే గాని, దాన్ని పట్టించుకోక మునిగిపోయిన ఇళ్లను మేము చూశాం. మన హాస్టల్ పాత విద్యార్థుల్లో ఎంతోమందికి ఈరోజు బండే బతుకుదెరువు. కొందరు ఎస్సీ కార్పొరేషన్ లోన్‌తో కొన్నారు. కొందరు ఫైనాన్స్‌లో తీసుకున్నారు. 2021 ఆగస్టులో మన హుజూరాబాద్ నియోజకవర్గంలో దళితబంధు మొదలైనప్పుడు కుటుంబానికి 10 లక్షల రూపాయల చొప్పున సాయం ప్రకటించారు. ఆ డబ్బుతో చాలామంది కార్లు, ట్రాక్టర్లు, సరుకుల బండ్లు తీసుకున్నారు. ఇంట్లో మొట్టమొదటిసారి సొంతానికి వచ్చిన ఆస్తి అది. అటువంటి బండి ఇంజన్ ఒక్క మధ్యాహ్నంలో పాడైపోతే ఆ ఇంటి సంగతేమిటో ఆలోచించండి.

మా కథ ముందు చెబుతాం

2018 మే నెల. మా బ్యాచ్ మిత్రుడి చెల్లె పెళ్లి ఆదిలాబాద్‌లో. మాలో ఒకరి ట్యాక్సీలో ఏడుగురం ఎక్కి పొద్దున కరీంనగర్‌లో బయలుదేరాం. జగిత్యాల, మెట్‌పల్లి మీదుగా నిర్మల్ చేరేసరికి మిట్టమధ్యాహ్నం అయింది. ఏసీ ఫుల్లుగా పెట్టుకున్నాం. పాటలు, నవ్వులు. నిర్మల్ దాటి మహబూబ్ ఘాట్ ఎక్కుతుంటే టెంపరేచర్ ముల్లు పైకి లేస్తోంది. ఎవరూ చూడలేదు. కాసేపటికి బానెట్ సందుల్లోంచి ఆవిరి వచ్చింది.

బండి ఆపాం. అక్కడ మేము చేసిన తప్పులు రెండు. మొదటిది, మాలో ఒకరం టవల్ చుట్టుకొని వెంటనే రేడియేటర్ మూత తిప్పాం. మరుక్షణం మరిగే నీళ్లు ఫౌంటెన్‌లాగా ఎగిసి కుడిచేయి మోచేతి దాకా కాలింది. ఆ మచ్చ ఈనాటికీ పోలేదు. రెండోది, దగ్గరి హోటల్ నుండి బకెట్‌తో చల్లటి బోరు నీళ్లు తెచ్చి, కాలుతున్న ఇంజన్‌లో గబగబా పోశాం. బండి స్టార్ట్ అయింది, సంతోషించాం. పది కిలోమీటర్లు పోకముందే ఆగిపోయింది.

పెళ్లికి లారీ ఎక్కి పోయాం. బండిని వేరే బండికి కట్టి తెచ్చాం. విప్పి చూస్తే హెడ్ వంగింది, హెడ్ గాస్కెట్ కాలింది, ఇంజన్ ఆయిల్ నీళ్లతో కలిసి తెల్లగా మజ్జిగలాగా అయింది. ఖర్చు ముప్పై వేలు దాటింది. పన్నెండు రోజులు బండి షెడ్డులో ఉంది. పెళ్లిళ్ల సీజన్ కిరాయిలన్నీ పోయాయి. రెండు కిస్తీలు తప్పాయి. ఇంట్లో పుస్తెలతాడు కుదువపెట్టాల్సి వచ్చింది.

అసలు కారణం ఏమిటంటే, అంతకుముందు రెండేళ్లుగా డబ్బాలో కూలెంట్ తగ్గినప్పుడల్లా మేము బోరు నీళ్లే పోశాం. రేడియేటర్ గొట్టాలు సగానికి సగం సున్నంతో మూసుకుపోయాయి. కొన్ని వందల రూపాయల కూలెంట్ దగ్గర పొదుపు చేసి వేల రూపాయలు పోగొట్టుకున్నాం. మాకు జరిగింది మీకు జరగకూడదనే ఈ వ్యాసం.

ఇంజన్‌కు ఎందుకంత వేడి?

సిలిండర్‌లో ఇంధనం మండే క్షణాన లోపలి వాయువుల వేడి 2000 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. ఇంజన్ హెడ్ తయారుచేసే అల్యూమినియం 660 డిగ్రీలకే కరుగుతుంది. అంటే చల్లబరిచే ఏర్పాటు లేకపోతే ఇంజన్ తన మంటకు తానే కరిగిపోతుందన్నమాట. మనం పోసే పెట్రోల్, డీజిల్‌లోని శక్తిలో సుమారు మూడోవంతు మాత్రమే బండిని నడిపిస్తుంది. మరో మూడోవంతు పొగగొట్టం గుండా పోతుంది. మిగిలిన మూడోవంతు వేడిని ఇంజన్ నుండి బయటికి మోసుకుపోవాల్సింది కూలెంటే.

చాలా మోటార్ సైకిళ్లలో ఈ పని గాలే చేస్తుంది. ఇంజన్ చుట్టూ రెక్కలు ఉండేది అందుకే. కారులో అది చాలదు. వాటర్ పంప్ కూలెంట్‌ను ఇంజన్ లోపలి దారుల గుండా తిప్పుతుంది. అక్కడ వేడెక్కిన కూలెంట్ పై హోస్ పైపు గుండా రేడియేటర్‌లోకి వస్తుంది. సన్నటి గొట్టాల్లో నడుస్తూ గాలికి వేడిని వదిలి, కింది పైపు గుండా తిరిగి ఇంజన్‌లోకి పోతుంది. మధ్యలో థర్మోస్టాట్ అనే తలుపు ఒకటి ఉంటుంది. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు అది మూసుకొని ఉంటుంది. సాధారణంగా 82 నుండి 90 డిగ్రీల మధ్య తెరుచుకోవడం మొదలుపెడుతుంది. కొందరు డ్రైవర్లు బండి వేడెక్కుతుందని దాన్ని పీకి పారేస్తారు. అది తప్పు. ఇంజన్ మరీ చల్లగా నడిచినా ఆయిల్ చిక్కగా ఉండి అరుగుదల పెరుగుతుంది, ఇంధనం ఎక్కువ తాగుతుంది.

మూత వెనుక ఉన్న పాఠం

నీళ్లు 100 డిగ్రీలకు మరుగుతాయని మనందరం చదువుకున్నాం. ఒత్తిడి పెరిగితే మరిగే స్థానం కూడా పెరుగుతుందని కూడా చదువుకున్నాం. హాస్టల్ వంటగదిలో పప్పు ఉడికించే ప్రెషర్ కుక్కర్ ఆ సూత్రం మీదే పనిచేస్తుంది. రేడియేటర్ మూత కూడా అంతే. దాని లోపలి స్ప్రింగు సాధారణంగా ఒక బార్‌కు అటూఇటూగా ఒత్తిడిని నిలిపి ఉంచుతుంది. ఆ ఒత్తిడిలో మామూలు నీళ్లే సుమారు 120 డిగ్రీల దాకా మరగవు. సగం కూలెంట్, సగం నీళ్లు కలిపితే దాదాపు 130 డిగ్రీల దాకా మరగదు.

ఇప్పుడు మా చేయి ఎందుకు కాలిందో అర్థమై ఉంటుంది. లోపల ద్రవం 110 డిగ్రీల మీద ఉంది. మూత ఉన్నంతసేపు మరగకుండా ఉంది. మూత తీయగానే ఒత్తిడి పోయింది. ఒక్కసారిగా మరిగి ఆవిరై ఎగిసింది. ఆవిరి ముందు టవల్ ఎంత? కాబట్టి తమ్ముళ్లూ, వేడి బండి రేడియేటర్ మూత ఎట్టి పరిస్థితుల్లోనూ తీయవద్దు. ఈ వ్యాసంలో ఒక్క మాటే గుర్తుపెట్టుకుంటామంటే ఈ మాటే గుర్తుపెట్టుకోండి.

మూత రబ్బరు వాషరు ఎండిపోయినా, స్ప్రింగు బలహీనపడినా ఒత్తిడి నిలవదు, కూలెంట్ తొందరగా మరుగుతుంది. బండి ఊరికే వేడెక్కుతుంటే ముందు తక్కువ ఖర్చుతో మార్చగలిగిన ఆ మూతను అనుమానించండి.

మన దగ్గర మంచు పడదు కదా, కూలెంట్ ఎందుకు?

షెడ్డులో మమ్మల్ని అందరూ అడిగే ప్రశ్న ఇది. నిజమే, కూలెంట్ పుట్టింది చలిదేశాల కోసం. అందులో ముఖ్యమైన పదార్థం ఇథిలీన్ గ్లైకాల్. ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త వుర్ట్జ్ 1850ల్లో దీన్ని తయారుచేశాడు. 1920ల చివరలో అమెరికాలో కార్ల రేడియేటర్లలో నీళ్లు గడ్డకట్టకుండా దీన్ని అమ్మడం మొదలైంది. సగానికి సగం కలిపితే సున్నాకు 37 డిగ్రీల దిగువ దాకా గడ్డకట్టదు. మన ఆదిలాబాద్ ఏజెన్సీలో చలి ఎంత వణికించినా అంత దూరం పోదు.

కాని మనకు కూలెంట్ అవసరం వేరే కారణాల వల్ల ఉంది. మొదటిది ఎండ. రామగుండం, ఆదిలాబాద్ వైపు మే నెలలో ఎండ 45 డిగ్రీలు దాటడం మనకు కొత్త కాదు. బయటి గాలే అంత వేడిగా ఉంటే రేడియేటర్ వేడిని వదలడం కష్టమవుతుంది. మరిగే స్థానం ఎంత పైన ఉంటే అంత మంచిది.

రెండోది తుప్పు. ఇది అన్నిటికంటే ముఖ్యం. పాత అంబాసిడర్ కారులో ఇంజన్ బ్లాకు, హెడ్డు పోత ఇనుము, రేడియేటర్ రాగి, ఇత్తడి. ఆ మొరటు బండికి నీళ్లు పోసినా కొన్నాళ్లు ఓర్చుకునేది. ఇప్పటి కార్లలో హెడ్, రేడియేటర్ అల్యూమినియం, ట్యాంకు ప్లాస్టిక్కు, దారులు చాలా సన్నం. వేరువేరు లోహాలు ఒకే నీటిలో ఉంటే అది బ్యాటరీ లాగా పనిచేసి బలహీనమైన లోహాన్ని తినేస్తుంది. కూలెంట్‌లో కలిపే తుప్పు నిరోధక రసాయనాలు లోహం మీద సన్నటి పొర కట్టి కాపాడతాయి. "మా మామ ముప్పై ఏళ్లు అంబాసిడర్ నడిపాడు, నీళ్లే పోశాడు" అనే పెద్దమనుషుల మాట ఆ బండికి చెల్లింది, ఈ బండికి చెల్లదు.

మూడోది డీజిల్ ఇంజన్ల సంగతి. లారీలు, చాలా ట్రాక్టర్లలో సిలిండర్ లైనర్ బయటి వైపు నేరుగా కూలెంట్ తగులుతుంది. ఇంజన్ దడకు లైనర్ కంపించి, దాని పక్కన చిన్నచిన్న బుడగలు పుట్టి పగులుతాయి. ఆ దెబ్బలకు ఇనుము మీద సూదిబెజ్జాల వంటి గుంటలు పడతాయి. చివరికి నీళ్లు ఆయిల్‌లోకి దిగుతాయి. అటువంటి ఇంజన్లకు ఈ గుంటలను అడ్డుకునే రసాయనాలున్న కూలెంట్‌నే కంపెనీ చెబుతుంది. ట్రాక్టర్‌కు కారు కూలెంట్ పోసే ముందు పుస్తకం చూసుకోవాలి.

బోరు నీళ్లు పోస్తే ఏమవుతుంది?

ఎండాకాలం మన ఇళ్లలో కూలర్ గడ్డి చూశారా? నెల రోజులకే తెల్లటి ఉప్పు పేరుకుపోతుంది. నీళ్లు కాచే గిన్నె అడుగున తెల్లటి పెచ్చు కడుతుంది. మన ప్రాంతంలో చాలాచోట్ల భూగర్భ జలం కఠిన జలం. అందులో కరిగి ఉన్న కాల్షియం బైకార్బనేట్ వేడి తగిలితే కాల్షియం కార్బనేట్‌గా మారి గట్టిగా అంటుకుంటుంది. తాత్కాలిక కాఠిన్యం అని పాఠంలో చదివేది ఇదే. ఆ పెచ్చు వేడిని సరిగా దాటనివ్వదు. ఇంజన్‌లో ఎక్కడ ఎక్కువ వేడి ఉంటుందో అక్కడే ఎక్కువ కడుతుంది. రేడియేటర్ సన్నటి గొట్టాలను మూసేస్తుంది. నీటిలోని క్లోరైడులు అల్యూమినియాన్ని గుంటలు పడేలా తింటాయి.

కూలెంట్‌లో కలపడానికి డిస్టిల్డ్ వాటర్ లేదా డీమినరలైజ్డ్ వాటర్ వాడాలి. పెట్రోల్ బంకుల్లో, బ్యాటరీ షాపుల్లో దొరుకుతుంది. అడిగేటప్పుడు జాగ్రత్త, బ్యాటరీ నీళ్లు వేరు, బ్యాటరీ యాసిడ్ వేరు. డబ్బా మీద చదివి తీసుకోండి. ప్లాంటులో అమ్మే తాగునీళ్లు బోరు నీళ్లకంటే మేలే గాని డిస్టిల్డ్ వాటర్‌కు సాటిరావు. దారిలో ఆపద వచ్చినప్పుడు తప్ప వాడవద్దు.

రంగు చూసి మోసపోవద్దు

తెల్లనివన్నీ పాలు కావు, నల్లనివన్నీ నీళ్లు కావు. కూలెంట్ విషయంలో ఈ సామెత అక్షరాలా నిజం. పచ్చది, ఎర్రది, గులాబీది, నీలంది అని షాపులో అడుగుతుంటారు. రంగు కేవలం కలిపిన రంగే. ఏ రంగు ఏ రకానికి అని అన్ని కంపెనీలకూ కలిపి నియమం లేదు. అసలు తేడా లోపలి తుప్పు నిరోధకాల్లో ఉంటుంది. ముఖ్యంగా మూడు రకాలు.

ఒకటి, పాత పద్ధతి రకం, ఐఏటీ అంటారు. సిలికేట్లు, ఫాస్ఫేట్లు వంటి లవణాలు ఉంటాయి. వెంటనే పొర కడతాయి గాని తొందరగా ఖర్చైపోతాయి. సుమారు రెండేళ్లు లేదా 40 వేల కిలోమీటర్లకు మార్చాలి.

రెండు, ఓఏటీ. సేంద్రియ ఆమ్లాలతో చేసినది. నెమ్మదిగా పనిచేస్తుంది, ఎక్కువకాలం ఉంటుంది. చాలావాటికి ఐదేళ్ల దాకా గడువు ఇస్తారు.

మూడు, రెండూ కలిపిన హెచ్‌ఓఏటీ. ఐరోపా కంపెనీలు చాలావరకు ఫాస్ఫేట్ లేని, సిలికేట్ ఉన్న రకం అడుగుతాయి. జపాన్ కంపెనీలు చాలావరకు సిలికేట్ లేని, ఫాస్ఫేట్ ఉన్న రకం అడుగుతాయి. అందుకే ఒక బండికి మంచిదైన కూలెంట్ ఇంకొక బండికి మంచిది కాకపోవచ్చు.

మరి ఎలా ఎంచుకోవాలి? బండితో వచ్చిన ఓనర్స్ మాన్యువల్ తీయండి. అందులో కూలెంట్ రకం, ఎన్ని లీటర్లు, ఎంత పాలు, ఎన్ని కిలోమీటర్లకు మార్చాలి అన్నీ రాసి ఉంటాయి. సెకండ్ హ్యాండ్ బండి అయి పుస్తకం లేకపోతే ఆ కంపెనీ సర్వీస్ సెంటర్‌లో అడగండి, చెబుతారు. షాపులో డబ్బా కొనేటప్పుడు వెనుక చదవండి. భారత ప్రమాణం ఐఎస్ 5759, జపాన్ ప్రమాణం జేఐఎస్ కె 2234, అమెరికా ప్రమాణం ఏఎస్‌టీఎం డి 3306 వంటి నంబర్లు ఉంటాయి. మీ పుస్తకంలో ఉన్న నంబరు, రకం డబ్బా మీద ఉంటే తీసుకోండి. ఏ నంబరూ లేని, రంగునీళ్ల లాంటి చవక డబ్బాలు వద్దు.

రెండు రకాలు కలపవద్దు. కొన్నిసార్లు కలిస్తే జిగురులాగా గడ్డకట్టి దారులు మూసుకుపోతాయి. గడ్డకట్టకపోయినా ఎక్కువకాలం ఉండే కూలెంట్ ఆయుష్షు తగ్గిపోతుంది. లోపల ఏముందో తెలియకపోతే మొత్తం తీసేసి కొత్తది పోయడమే మేలు.

ఎంత పాలు కలపాలి?

డబ్బాలు రెండు రకాలుగా వస్తాయి. కాన్సంట్రేట్ అంటే నీళ్లు కలపాల్సినది. రెడీ టు యూజ్ అంటే కలిపి ఉన్నది, మళ్లీ నీళ్లు కలపకూడదు. ఈ తేడా చూడక కొందరు రెడీమిక్స్‌లో ఇంకో అంత నీళ్లు పోస్తారు. అప్పుడు తుప్పు నిరోధకం చాలదు.

కాన్సంట్రేట్ అయితే సాధారణంగా సగం కూలెంట్, సగం డిస్టిల్డ్ వాటర్. మనలాంటి వేడి ప్రాంతాలకు 30 శాతం చాలని కొన్ని పుస్తకాలు చెబుతాయి. అంతకంటే తగ్గనివ్వకండి. అలాగని మొత్తం కాన్సంట్రేట్ పోస్తే ఇంకా మంచిదని అనుకోవద్దు. వేడిని మోయడంలో నీటిని మించినది లేదు. విశిష్టోష్ణం గుర్తుందా? గ్లైకాల్ విశిష్టోష్ణం నీటిలో సగం కంటే కొంచెమే ఎక్కువ. నీళ్లు కలపకుండా పోస్తే బండి ఇంకా వేడెక్కుతుంది.

మార్చే పద్ధతి

మేము షెడ్డులో చేసే పద్ధతి వరుసగా చెబుతున్నాం. కొన్ని బండ్లకు వేరే పద్ధతి ఉంటుంది కాబట్టి పుస్తకంతో సరిచూసుకోండి.

1. బండి పూర్తిగా చల్లారాలి. రాత్రి నిలిపిన బండిని తెల్లవారి చేయడం అన్నిటికన్నా మంచిది. సమతలంగా ఉన్న చోట నిలిపి, హ్యాండ్ బ్రేక్ వేసి, చక్రాలకు రాళ్లు పెట్టండి.

2. హీటర్ నాబ్‌ను పూర్తి వేడి వైపు తిప్పండి. మూత నెమ్మదిగా తీయండి. రేడియేటర్ కింద వెడల్పాటి టబ్బు పెట్టి డ్రెయిన్ ప్లగ్ విప్పండి. ప్లగ్ లేకపోతే కింది హోస్ పైపు క్లిప్పు తీయాలి. పాత కూలెంట్ ఎంత వచ్చిందో కొలవండి.

3. వచ్చినదాన్ని చూడండి. తుప్పు రంగులో ఉన్నా, మడ్డి ఉన్నా, ఆయిల్ తేలుతున్నా విషయం పెద్దదే. ఆయిల్ తేలితే హెడ్ గాస్కెట్ అనుమానించాలి.

4. రిజర్వ్ డబ్బా తీసి శుభ్రంగా కడగండి. హోస్ పైపులు నొక్కి చూడండి. మెత్తబడినా, పగుళ్లున్నా ఇప్పుడే మార్చండి.

5. ప్లగ్ బిగించి డిస్టిల్డ్ వాటర్ నింపి, మూత పెట్టి, థర్మోస్టాట్ తెరుచుకొనే దాకా ఇంజన్ నడపండి. పై పైపు, కింది పైపు రెండూ వేడెక్కితే తెరుచుకున్నట్టు. ఆపి, మళ్లీ పూర్తిగా చల్లార్చి తీసేయండి. నీళ్లు తేటగా వచ్చే దాకా ఇలాగే చేయాలి. ఓపిక కావాలి.

6. కొత్తది నింపడం. ఇక్కడ చిన్న లెక్క ఉంది. చిన్న కారులో మొత్తం 4 లీటర్లు పడుతుందనుకుందాం. ప్లగ్ విప్పితే 2.5 లీటర్లే బయటికి వస్తుంది, 1.5 లీటర్ల నీళ్లు ఇంజన్ బ్లాకులోనే ఉండిపోతాయి. ఇప్పుడు సగం పాలున్న రెడీమిక్స్ 2.5 లీటర్లు పోస్తే అసలు కూలెంట్ 1.25 లీటర్లే. అంటే 31 శాతమే. సగం కావాలనుకున్నది మూడోవంతు కూడా కాలేదు. కాబట్టి నీళ్లతో కడిగినప్పుడు కాన్సంట్రేట్ వాడి, మొత్తంలో సగం అంటే 2 లీటర్లు ముందు పోసి, మిగిలిన జాగా డిస్టిల్డ్ వాటర్‌తో నింపాలి. పాతది బాగానే ఉండి కడగకుండా అదే రకం మారుస్తుంటే రెడీమిక్స్ చాలు.

7. సన్నటి ధారగా పోయండి. లోపల గాలి ఇరుక్కుంటే ఎయిర్ లాక్ అంటారు. గాలి ఉన్నచోట కూలెంట్ ఉండదు, ఆ జాగా కాలిపోతుంది. బ్లీడ్ స్క్రూ ఉంటే విప్పి బుడగలు పోయి ద్రవం వచ్చాక బిగించండి. ఇంజన్ నడిపి రేడియేటర్ ఫ్యాన్ రెండుసార్లు తిరిగి ఆగే దాకా చూడండి. హీటర్‌లో వేడిగాలి రాకపోతే ఎక్కడో గాలి ఉన్నట్టే.

8. చల్లారాక రిజర్వ్ డబ్బాలో మట్టం మిన్, మ్యాక్స్ గీతల మధ్య ఉండేలా చూసుకోండి. మార్చిన తేదీ, కిలోమీటర్లు, కూలెంట్ రకం ఒక కాగితం మీద రాసి బానెట్ లోపల అంటించండి. మరో మూడునాలుగు రోజులు పొద్దున్నే మట్టం చూడండి.

చిన్న కార్లకు సుమారు 4 లీటర్లు, పెద్ద బండ్లకు 7 నుండి 10 లీటర్ల దాకా పడుతుంది. ఈ పని పదోతరగతి చదివిన ఎవరికైనా సాధ్యమే. అయితే మొదటిసారి తెలిసినవాళ్ల దగ్గర నిలబడి నేర్చుకోండి.

రేడియేటర్ బయట కూడా చూడాలి

లోపల ఎంత మంచి కూలెంట్ ఉన్నా బయట గాలి ఆడకపోతే లాభం లేదు. గోదావరిఖని, మంచిర్యాల వైపు బండ్లకు బొగ్గుపొడి పడుతుంది. ఆదిలాబాద్, జమ్మికుంట పత్తి మార్కెట్లకు తిరిగే బండ్ల రేడియేటర్‌కు పత్తి నూగు దుప్పటిలాగా అంటుకుంటుంది. కోతల కాలంలో ట్రాక్టర్లకు వరిపొట్టు పడుతుంది. నెలకోసారి ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు, ఇంజన్ వైపు నుండి బయటికి, తక్కువ ఒత్తిడి నీళ్లతో కడగండి. ప్రెషర్ గన్‌తో కొడితే సన్నటి రెక్కలు వంగిపోతాయి.

దారిలో వేడెక్కితే

ముల్లు పైకి లేస్తుంటే వెంటనే ఏసీ ఆపండి. హీటర్ ఫుల్లుగా పెట్టండి. ఉక్కపోస్తుంది గాని ఇంజన్ వేడి కొంత తగ్గుతుంది. పక్కకు తీసి ఆపండి. ఆవిరి వచ్చినా, ఎర్రదీపం వెలిగినా ఇంజన్ ఆఫ్ చేయండి. ఆవిరి తగ్గాకే బానెట్ ఎత్తండి. పై పైపు చేత్తో పట్టుకోగలిగినంత చల్లారే దాకా ఆగండి. ముప్పావుగంట పట్టవచ్చు, ఎండలో ఇంకా ఎక్కువే పట్టవచ్చు. పెళ్లి ముహూర్తం తప్పినా ఫర్వాలేదు. కాలుతున్న లోహం మీద చల్లటి నీళ్లు పడితే హెడ్ వంగుతుంది, పగులుతుంది. చల్లారాక శుభ్రమైన తాగునీళ్లు నెమ్మదిగా పోసి దగ్గరి షెడ్డు దాకా పోవచ్చు. నీళ్లు పోసినకొద్దీ కారిపోతుంటే నడపవద్దు, లాగించుకుపోవాలి.

అన్నిటికంటే ముఖ్యమైన హెచ్చరిక

కూలెంట్ విషం. ఇథిలీన్ గ్లైకాల్ రుచి తియ్యగా ఉంటుంది. చూడటానికి కూల్‌డ్రింక్ లాగా పచ్చగా, ఎర్రగా ఉంటుంది. సుమారు 100 మిల్లీలీటర్లు పెద్దమనిషి ప్రాణం తీయగలదు. పిల్లలకు ఇంకా చాలా తక్కువే చాలు. తాగినవాళ్లు మొదట మత్తుగా, తూలుతూ కనిపిస్తారు, తర్వాత కిడ్నీలు దెబ్బతింటాయి. ఎవరైనా మింగారని అనుమానం వచ్చినా ఆలస్యం చేయక 108కి ఫోన్ చేసి పెద్దాసుపత్రికి తీసుకుపోండి. డబ్బా కూడా వెంట తీసుకెళ్లి డాక్టరుకు చూపండి. దీనికి విరుగుడు మందు ఉంది గాని తొందరగా ఇస్తేనే పనిచేస్తుంది.

మిగిలిన కూలెంట్‌ను నీళ్ల బాటిల్‌లో, కూల్‌డ్రింక్ బాటిల్‌లో ఎప్పుడూ పోసిపెట్టవద్దు. పాతదాన్ని మోరీలో, చెట్టు మొదట్లో పారబోయవద్దు. తియ్యదనానికి కుక్కలు, మేకలు తాగుతాయి. మూత గట్టిగా ఉన్న క్యాన్‌లో పోసి, మీద "విషం" అని రాసి, వాడిన ఆయిల్‌ను తీసుకొనే సర్వీస్ సెంటర్‌లో అప్పగించండి.

చివరగా

ఆ ట్యాక్సీ ఇప్పటికీ నడుస్తోంది. కిస్తీలు తీరాయి, పుస్తెలతాడు విడిపించాం. దాని బానెట్ కింద తేదీలు రాసిన కాగితం ఉంటుంది. వారానికి ఒకసారి పొద్దున్నే డబ్బా మట్టం చూస్తాం. ఆ పనికి పట్టేది అర నిమిషం.

తమ్ముళ్లూ, సైన్సు పుస్తకంలో ఒత్తిడి, విశిష్టోష్ణం, నీటి కాఠిన్యం అని చదువుతుంటే "ఇవి మార్కులకే" అని మేము అనుకున్నాం. ఆ మూడు పాఠాలు మహబూబ్ ఘాట్ మీద మాకు మళ్లీ ఎదురయ్యాయి, ఫీజు కాస్త ఎక్కువే వసూలు చేశాయి. మీరు హాస్టల్‌లో ఉండగానే బాగా నేర్చుకోండి. పదోతరగతి తర్వాత ఐటీఐలో ఏడాది డీజిల్ మెకానిక్, రెండేళ్ల మోటార్ మెకానిక్ కోర్సులు ఉన్నాయి. రేపు కరెంటు కార్లు వచ్చినా వాటి బ్యాటరీలకూ కూలెంట్ కావాలి, దాన్ని తెలిసి మార్చేవాళ్లు కావాలి.

ఇక మన పాత మిత్రులకు ఒక మాట. ఈ సంచిక చదవడం అయిపోగానే ఒకసారి లేచి వెళ్లి బండి బానెట్ ఎత్తి చూడండి. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే సుమా!